వేళ దప్పిన విందులు

గోలకొండ దుర్గమునకు ఈశాన్యముగా, కుతుబ్‌షాహీ సమాధుల తోటలకు తూర్పున, మెహిదీపట్నమునుండి గచ్చిబౌలికి పోవు మార్గమున కిరుప్రక్కల వ్యాపించియున్న టోలిచౌకి నేడు హైదరాబాదున రాత్రిభోజనమునకు పేరుపడిన పేట. ఉత్తరమున ఫిలింనగరు, జూబిలీ హిల్సు గుట్టలు, పడమట షేక్‌పేట. ఈ వీధులలో అర్ధరాత్రము దాటిన పిమ్మటకూడ మండీ పళ్ళెరముల చుట్టు జనులు కూర్చుండి భుజించుచుందురు. రంజాను మాసమున హలీము భట్టీలు తెల్లవారుజాము వరకు చల్లారవు. ఇక్కడి మందుల దుకాణములలో గుండెమంటకును, పులిత్రేన్పులకును మాత్ర లడుగువారు లేని గంటయు ఉండదు. ఈ రెంటికిని గల సంబంధమును చెప్పబూనినవారు సాధారణముగా మసాలాపై నేరము మోపుదురు. నా యభిప్రాయము వేరు. ఈ ప్రాంతపు వంటకములు పూర్వము ఏయే వేళలకై ఏర్పడినవో, ఆ వేళలనుండి అవి ఎట్లు తొలగినవో పరిశీలించినచో, దోషము వంటకమునందుకంటె వేళయందే హెచ్చుగా కానవచ్చును.

కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు సమీపమున కార్వాను వజ్రముల విపణియై వర్ధిల్లుచుండెను; షేక్‌పేటలో బాటసారులు విడియుటకై కట్టబడిన సరాయి నేటికిని నిలిచియున్నది. దూరదేశములనుండి బండ్లపైనను, ఒంటెలపైనను సరకు తెచ్చిన వర్తకునకు ప్రొద్దుగ్రుంకులోపల విడిది చేరుట, వండుకొని తినుట, జంతువులకు మేత వేయుట అవశ్యకృత్యములు; చీకటిపడిన వెనుక కోట ద్వారములు మూయబడును, బాట భద్రము కాదు, దీపపు చమురు ప్రియము. చుట్టుపట్ల పల్లెలలో సేద్యము చేయువారి సంగతి చెప్పనక్కరయే లేదు. పగలు అంబలియో గటకయో త్రాగి, మాపటివేళ జొన్నరొట్టెయో సంకటియో పచ్చిపులుసుతో తిని, దీపము పెట్టిన కొంతసేపటికే నడుము వాల్చుట తెలంగాణపు కర్షకుని దినచర్య. ఆ భోజనము స్వల్పము. అందు నేయి దుర్లభము. తినుటకును పండుకొనుటకును నడుమ పశువులను కట్టుట, అరుగుపై ముచ్చటలు, భజనలు ఉండనే యుండెను.

ధనవంతుల భోజనమును గూర్చి మన కావ్యములు చాల చెప్పుచున్నవి. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూళ్ళయింట ఒక్క రూకకు దొరకు భోజనపు వర్ణన కలదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున ఒక తీరున, వేసవిని వేరొక తీరున, చలికాలమున మరియొక తీరున అతిథులకు వడ్డించును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున ఇట్టి కావ్యములనుండియే మన పూర్వుల తిండి తీర్థముల నేరి కూర్చి, రాజుల యుద్ధములకంటె ప్రజల జీవితమే చరిత్రకు ముఖ్యమని చాటిరి. ఆ మహనీయుని మార్గమునందు నాకు మిక్కిలి గౌరవము. అయితే ఏమి తినిరను విషయమునకు దొరకినన్ని సాక్ష్యములు, ఎప్పుడు తినిరను విషయమునకు దొరకుట కష్టము. అందరెరిగినదానిని కవి వ్రాయడు గదా. మనకు మిగిలిన మార్గ మొక్కటే: ఆయా వంటకములకు సంప్రదాయము నిర్ణయించిన వేళ యేదో విచారించుట.

ఇట్లు విచారించినప్పుడు హైదరాబాదు వంటకముల చరిత్రమే మనకు గొప్ప యాధారమగుచున్నది. నిజాముల కొలువున సైనికులుగా చేరుటకు యెమెను దేశపు హద్రమౌత్ సీమనుండి అరబ్బులు వచ్చిరి. వారి నిచ్చట చావుషు లందురు. వారు నివసించిన సైనిక వసతులుండిన చోటు నేటి బార్కసు. గోధుమలను, మాంసమును కలిపి మెత్తగా ఉడికించు హరీసు వారి స్వదేశపు వంటకము. ఆరవ నిజాము మహబూబు అలీఖానుని కాలమున అది నగరమున ప్రవేశించెననియు, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానుని కాలమున అరబ్బు జమేదారులలో నగ్రగణ్యుడగు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగు తన విందులలో వడ్డింపజేసి దానికి వ్యాప్తి తెచ్చెననియు చెప్పుదురు. దక్కను వారు పప్పుదినుసులు, మసాలాలు, నేయి చేర్చగా అది హలీమైనది. 1956 లో మదీనా హోటలు వారు దానిని బజారున అమ్మకమునకు పెట్టిరి. 2010 లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించెను, భారతదేశమున మాంసాహారమునకు అట్టి గుర్తింపు లభించుట అదియే ప్రథమము. ఇటుకలతో, మట్టితో కట్టిన భట్టీపై కట్టెల మంటను పండ్రెండు గంటలదాక కాగుచుండగా, ఇద్దరు మనుష్యులు కొయ్య ఘోట్నీలతో ఎడతెగక దంచుచు దానిని తయారుచేయుట చూచినవారికి ఆ విద్యపై భక్తి కలుగక మానదు.

ఇక ఆ వంటకపు వేళను చూడుడు. బార్కసున హరీసు ప్రాతఃకాలపు ఆహారము. పగలెల్ల శ్రమింపవలసిన సైనికునికి ఉదయమున బలము నిచ్చుటకు పుట్టినది. నహారీ సంగతియు నంతియే: రాత్రియంతయు సన్ననిసెగపై కాగిన ఆ మాంసరసమును ప్రభాత నమాజు ముగించి వచ్చినవారు కుల్చాతో తిని పనులకు పోవుదురు. పాతబస్తీలో నహారీని నేటికిని తెల్లవారకమున్నే అమ్మువారు కలరు. రంజాను హలీమునకు నిర్ణీతమైన వేళ సూర్యాస్తమయము. దినమంతయు నీరైన ముట్టక యున్నవారు మొదట ఖర్జూరముతోను, నీటితోను ఉపవాసము విడుతురు, పిమ్మట మగ్రిబు నమాజు, ఆపైన భోజనము, రాత్రి ఇషా నమాజు వెనుక దీర్ఘమైన తరావీహు ప్రార్థన. రిక్తమైన ఉదరము ఒక్కసారిగా నిండకుండ నడుమ నొక విరామ మేర్పడినది. నిండిన పిమ్మట వెంటనే శయనింపకుండ ప్రార్థన యడ్డువచ్చినది. ఈ ఆచారమును వైద్యమునకై ఎవరును కల్పింపలేదు. అది దైవచింతనకై యేర్పడినది. అయినను శరీరమునకు దానివలన కలిగిన ఉపకారమును గుర్తింపకపోవుట కృతఘ్నత యగును.

గరిష్ఠములైన ఆహారములు మన పూర్వులకు తెలియనివి కావు. వాటికొక వేళయు, వేళవెంట నొక పనియు ఉండెను. అంతియే భేదము.

పూర్వవైద్యులు ఈ రహస్యమును చక్కగా నెరిగియుండిరి. చరకసంహిత విమానస్థానమున త్రివిధకుక్షీయమను అధ్యాయమే కలదు. అందు కుక్షిని మూడు భాగములుగా భావించి, ఒకటి ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, మూడవది వాత పిత్త శ్లేష్మముల సంచారమునకు విడువవలెనని ఉపదేశము. వాగ్భటుడు నాలుగు భాగములు చేసి రెంటిని అన్నముతోను, ఒకదానిని పానీయముతోను నింపి, నాలుగవదానిని వాయువునకై ఖాళీగా నుంచుమనెను. ముందు తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుట అధ్యశనమనియు, కాలము దప్పి కొలత దప్పి తినుట విషమాశనమనియు చెప్పి, రెంటిని వారు రోగహేతువులుగా గణించిరి. మాధవనిదానమున అమ్లపిత్తమునకు ప్రత్యేకమైన ప్రకరణమే యున్నది: చేదును పులుపును గల త్రేన్పులు, హృదయకంఠములందు మంట, అరుచి, శరీరభారము అనునవి దాని లక్షణములు, పైకి పోవునది ఊర్ధ్వగము, క్రిందికి పోవునది అధోగము. మన ఇండ్లలోని పెద్దలు భోజనానంతరము నూరడుగులు నడువుమనుటయు, పండుకొన్నచో ఎడమప్రక్కకు తిరిగి పండుకొనుమనుటయు ఈ పరంపరలోనివే.

మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591 లో నగరమును స్థాపించిన కొలదికాలమునకే దారుల్‌షిఫాను కట్టించెను. అచ్చట హకీములు వైద్యము చేయుటయేగాక శిష్యులకు నేర్పుచుండిరి. వారి యూనానీ శాస్త్రమున ఆరోగ్యమునకు అవశ్యకములని చెప్పబడిన ఆరింటిలో వాయువు తరువాత అన్నపానము లొకటి, నిద్రాజాగరణము లొకటి. తిండియు నిద్రయు ఒకే పట్టికలో చేరుటను గమనింపవలెను. ఈ రెంటి నడుమ నుండవలసిన యెడమే మన ప్రస్తుత విషయము.

పాశ్చాత్య శాస్త్రము ఈ విషయమును వేరొక దారిని, చాల ఆలస్యముగా చేరుకొనెను. ఆమాశయమునందలి ఆమ్లము హైడ్రోక్లోరికామ్లమని 1824 లో విలియం ప్రౌటు నిరూపించెను. అది పైకెగసి అన్నవాహికను పుండుచేయునను సంగతి ఒక ప్రత్యేక వ్యాధిగా 1935 లో న్యూయార్కు వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టైను వ్రాసినప్పుడుగాని స్పష్టము కాలేదు. 1951 లో ఇంగ్లండునందలి లీడ్సు శస్త్రవైద్యుడు ఫిలిప్ ఆలిసను, ఆమాశయపు పైభాగము విభాజకపటలపు రంధ్రముగుండ ఛాతీలోనికి జరుగుటకును ఈ మంటకును గల సంబంధమును వివరించెను. 1956 లో అమెరికాయందలి మేయో వైద్యశాలలో ఫైకు, కోడు, ష్లెగెలు అనువారు అన్నవాహికలోని ఒత్తిడిని కొలిచి, దాని యడుగున ఎల్లప్పుడును బిగిసియుండు ఒక భాగమును కనుగొనిరి. అదియే సంవరణి కండరము. విశ్రాంతిగా నున్నప్పుడు దాని బిగువు సాధారణముగా 10 మొదలు 30 మిల్లీమీటర్ల పాదరసము వరకు ఉండును.

అయితే ఆమాశయమునకు రక్ష ఈ యొక్క కండరమే కాదు. గోలకొండను చూచినవారికి దీనిని బోధించుట సులభము. ఆ కోటకు ఒక్క గోడయే కాదు, వరుసగా ప్రాకారములు; బాలాహిస్సారు ద్వారమునకు ఎదురుగా నొక అడ్డుగోడ. అట్లే ఇచ్చటను సంవరణి యొకటి. దానిని చుట్టి, ఊపిరి తీసినప్పుడెల్ల బిగించు విభాజకపటలపు కండరపట్టీ యొకటి. ఆ రెంటిని ఒకచోట నిలుపు స్నాయుబంధ మొకటి. అన్నవాహిక ఆమాశయమున వాలుగా ప్రవేశించుటచే నేర్పడి, కడుపు నిండినకొలది మూసికొను కవాటమువంటి మడత యొకటి. ఇవి యన్నియు కలసియే ఆమ్లమును క్రింద నిలుపును. ఇక 1687 లో జరిగినదానిని స్మరింపుడు. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించి, ఫిరంగులు ప్రేల్చి, సొరంగములు త్రవ్వి కూడ కోటను సాధింపలేకపోయినవి. తుదకు అబ్దుల్లాఖాను పన్నీ యను లోపలి సేనాని లంచమునకు లోబడి రాత్రివేళ ఒక దిడ్డిని తెరచుటచే అది శత్రువశమయ్యెను. 1982 లో వైలీ డాడ్సు, జాన్ డెంటు మొదలగువారు కనుగొన్నదియు నిట్టిదియే. సంవరణి ఎల్లప్పుడును బలహీనమై యోడిపోవుటలేదు; మ్రింగుడు లేకయే అప్పుడప్పుడు తనంతట తాను కొన్ని క్షణములు సడలుచున్నది, ఆ సడలుపాటుననే ఆమ్లము పైకి వచ్చుచున్నది.

ఈ సడలుట రోగము కాదు. లోన చేరిన గాలిని త్రేన్పుగా విడుచుటకు ప్రకృతి చేసిన యేర్పాటది. ఆమాశయపు పైభాగము సాగినకొలది ఆ సడలుపాట్లు హెచ్చును. కడుపునిండ తినుట, తిన్నదానిపై గోళీసోడాయో కూల్‌డ్రింకో త్రాగుట గాలికి దారి నిచ్చును. గాలివెంట ఆమ్లమును వచ్చును. బిర్యానీ భారమును తీర్చునని నిమ్మసోడా త్రాగువారు త్రేన్పు రాగానే ఉపశమనము పొందినట్లు తలచుట సహజమే. ఆ త్రేన్పు వచ్చిన దారియే మంటకును దారి. నేయియు క్రొవ్వును గల యాహారము ఆమాశయమును విడుచుటకు చాల కాలము పట్టును. క్రొవ్వు తక్కువగల ఘనాహారమునకే నాలుగు గంటలు పట్టుచుండ, హలీము మండీల మాట చెప్పనేల? దీనికి తోడు 2001 లో గ్లాస్గోలో ఫ్లెచరు, మెకాలు మొదలగువారు మరియొక సంగతి బయటపెట్టిరి: భోజనానంతరము అన్నముతో కలియని తీవ్రమైన ఆమ్లము, తిన్నదానిపైన, సరిగా ద్వారము క్రిందనే, ఒక తిత్తివలె నిలుచును. నిలుచున్నవాని కది క్రిందనే యుండును. తినిన వెంటనే వెల్లకిల పండుకొన్నవానికి ద్వారపు సమతలమునకు వచ్చును. నిద్రలో లాలాజలము తగ్గును, మ్రింగుట దాదాపుగా నిలిచిపోవును. కావున పైకి వచ్చిన ఆమ్లమును కడుగువారుండరు. ఎడమప్రక్క పండుకొన్నచో ద్వారము ఆమ్లమునకు పైన నుండును, కుడిప్రక్కనైనచో క్రింద నుండును. పెద్దల మాటకు శరీరనిర్మాణమే సాక్ష్యము చెప్పుచున్నది.

మిరపను గూర్చి యొక్కమాట. అది పదునారవ శతాబ్దమున పోర్చుగీసు వారివెంట మనదేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారము మిరియమే. మిరప ముందే పుండుపడిన అన్నవాహికను బాధించును, సందేహము లేదు. కాని వేళయు కొలతయు సరిగా నున్నంతకాలము కారము తినిన తెలంగాణపు రైతులందరును గుండెమంటతో తల్లడిల్లినవారు కారు.

మరి వేళ ఎట్లు తొలగినది? ఒక్కనాటి మార్పు కాదు. 1970 దశకమునుండి గల్ఫు దేశములకు పోయి సంపాదించి వచ్చిన కుటుంబములును, ఆపైన పాతబస్తీ ఇరుకునుండి వెలువడిన కుటుంబములును టోలిచౌకిలో ఇండ్లు కట్టుకొనిరి. అదే కాలమున మద్రాసు నుండి తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలెను: అమీరుపేటలో సారథీ స్టూడియో అంతకు పూర్వమే యుండెను, 1976 లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించిరి, పిమ్మట పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు గుట్టలపై వెలసినవి, వాటి చుట్టు ఫిలింనగరు పెరిగినది. చిత్రనిర్మాణమునకు సూర్యుడు గడియారము కాడు, కాల్‌షీటు గడియారము. రాత్రి దృశ్యమునకు రాత్రియే కావలెను, అర్ధరాత్రి బ్రేకు చెప్పినప్పుడు ప్రొడక్షను భోజనము, తెల్లవారి ప్యాకప్, ఇంటికి పోయి వెంటనే నిద్ర. కృష్ణానగరునుండి వచ్చు లైటుమెన్, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు దశాబ్దములుగా ఈ వేళలకు తమ దేహములను ఒప్పగించినవారు. తెరపై మనకు కనబడు వెన్నెలవెనుక వారి కడుపుమంట కలదని నేను నమ్ముచున్నాను.

1998 లో సైబర్ టవర్సు తెరువబడిన తరువాత సాఫ్టువేరు ఉద్యోగములును, విదేశముల పగటికి సరిపోవునట్లు ఇచ్చటి రాత్రి పనిచేయు కొలువులును వచ్చినవి. ఆ కొలువులకు పాతనగరమునుండి పోవు దారి టోలిచౌకి మీదుగనే. చదువులకై, వైద్యమునకై వచ్చిన యెమెను, సోమాలియా, సూడాను దేశస్థులు ఈ పేట కాలనీలలో నివాసమేర్పరచుకొనిరి. హరీసును పంపిన హద్రమౌతే మండీని కూడ పంపినది. బియ్యముపై పొగసెగకు పక్వమైన మాంసము, ఒక్క పళ్ళెరమున నలుగురైదుగురు. కలసి తినుటలోని ఆప్యాయత గొప్పది. నేను దానిని తక్కువ చేయను. కాని పదిమందితో తినువాడు తన కొలతను గమనింపడు, అందులోను రాత్రి పండ్రెండు గంటలకు. ఉదయమునకై పుట్టిన వంటకమును, సూర్యాస్తమయమునకై నిర్ణయింపబడిన వంటకమును, మధ్యాహ్నపు విందును, అన్నిటిని తెచ్చి నిద్రకు ముందటి గంటలో కూర్చినచో ప్రాకారములు నాలుగున్నను ప్రయోజనమేమి? 2005 లో జపానునందలి ఓసాకా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, భోజనమునకును శయనమునకును నడుమ మూడుగంటలకంటె తక్కువ యెడము గలవారికి, నాలుగుగంటలో అంతకు మించియో యెడముంచువారి కంటె ఈ వ్యాధి యుండుటకు అవకాశము సుమారు ఏడురెట్లు హెచ్చుగా కానవచ్చినది.

ఈ కాలమున మాత్రలున్నవిగదా యనవచ్చును. 1980 దశకాంతమున వచ్చిన ఒమెప్రజోలు, దాని జాతికి చెందిన మందులు నిజముగా గొప్ప ఉపకారము చేసినవి. ఎందరి అన్నవాహికలోని పుండ్లనో మాన్పినవి. అయితే అవి ఆమ్లపు ఉత్పత్తిని తగ్గించునేగాని ద్వారమును బిగింపవు. ఎగయుట ఎగయుచునే యుండును, ఎగసినదానిలో కాల్చు గుణము మాత్రము తగ్గును. పరగడుపున మాత్ర వేసికొని దాని ధైర్యముతో అర్ధరాత్రి విందులకు పోవుట ఈ నగరమున నేడు సామాన్యమైనది. ఇది మందునకును న్యాయము కాదు, దేహమునకును న్యాయము కాదు. మ్రింగుట కష్టమగుట, బరువు తగ్గుట, రక్తము పడుట యున్నచో మాత్రలతో కాలము గడపక వైద్యుని చూడవలెను. ఛాతీలో మంటయని తలచునది ఒక్కొక్కప్పుడు గుండెపోటును కావచ్చును.

తమ వేళను తామే నిర్ణయించుకొనగలవారు మూడుగంటల యెడమును సాధించుకొందురు. ఆ స్వాతంత్ర్యము లేనివారి మాట యేమి? హోటలు వంటవాడు, వడ్డించువాడు, కాపలాదారు, లైటుమాను, క్యాబు నడుపువాడు రాత్రి నిలిచి పనిచేసి తీరవలెను. వారికి మధ్యాహ్నమున ప్రధాన భోజనము, రాత్రి స్వల్పాహారము, మంచపు తలవైపు కాళ్ళ క్రింద అయిదారంగుళముల ఇటుకలు, ఎడమప్రక్క శయనము మేలు చేయును. ఇంకొకటియు కలదు. రాత్రి కాల్‌షీటునందు ప్రొడక్షను భోజనమును అర్ధరాత్రము దాటువరకు ఆపక, పని ప్రారంభమునకు ముందే ఎనిమిదింటికి పెట్టి, నడిరేయి మజ్జిగయో, పండ్లో, ఇడ్లీయో ఇచ్చినచో, తెల్లవారి ఇంటికి పోయి పండుకొను నాటికి వారి కడుపులు తేలికపడియుండును. దీనికి ఖర్చు పెరుగదు, చిత్రీకరణము చెడదు. ఆ మార్పు ఫిలింనగరు నిర్మాతల చేతిలోను, ప్రొడక్షను మేనేజర్ల చేతిలోను ఉన్నది.